తెలుగు కొంచెం పొడుగు భాష, మేడమ్

ఇంగ్లీషు బాగా వచ్చునని మీలో ఎవరికైనా లోలోపల గర్వం ఉంటే, ఈ నాలుగు మాటలూ మీకోసమే రాస్తున్నాను. ఉద్యోగంలో కొత్తగా చేరిన వాళ్ళయితే ఇంకా మంచిది. నా వయసు వాళ్ళకు చెప్పి లాభం లేదు, వాళ్ళంతా నాలాగే ఎప్పుడూ తప్పు చేయని మనుషులు.

అరవైల మొదట్లో నేను జగ్గయ్యపేటలో ఒక మిషను ఆస్పత్రిలో రికార్డు గుమస్తాను. వచ్చిన వాళ్ళ పేరు, ఊరు, జబ్బు రిజిస్టరులో ఎక్కించడం నా పని. దస్తూరి ముత్యాల్లా ఉండేది. రోగులు బతికినా పోయినా రిజిస్టరు మాత్రం చూడముచ్చటగా ఉండేది. పై అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు రోగులకన్నా ముందు దాన్నే చూసి మెచ్చుకునేవారు.

ఆ రోజుల్లో మా ఆస్పత్రికి ఒక డాక్టరమ్మ వచ్చారు. మలయాళీ ఆవిడ, పై దేశంలో చదువుకున్నారు. పిల్లల మనసుకు వైద్యం చేస్తారని చెప్పారు. ఈ కబురు వినగానే మా కాంపౌండరు, "పిల్లలకి మనసేమిటండీ, అన్నం పెడితే సరిపోదూ?" అన్నాడు. ఊళ్ళో చదువుకున్న వాళ్ళందరి అభిప్రాయమూ ఇంచుమించు అదే. చదువుకోని వాళ్ళు మాత్రం పిల్లల్ని తీసుకుని వచ్చేశారు.

ఆవిడ బెజవాడలో ఉండి, నెలలో మొదటి శనివారం జగ్గయ్యపేటకు, మూడో శనివారం నందిగామకు జీపులో వచ్చేవారు. జగ్గయ్యపేటలో ఆవిడకు ఎక్స్‌రే గది ఇచ్చారు. ఎక్స్‌రే యంత్రం వస్తుందని కట్టిన గది అది. యంత్రం రాలేదు కాబట్టి ఖాళీగా ఉండేది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, రోగులకు ఒక బెంచీ వేశారు. ఒక కుర్చీ ఆవిడది. రెండోది నాది.

ఆవిడకు తెలుగు రాదు. వచ్చిన తల్లులకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. దీనికోసమే పుట్టానని నాకు ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజే అనిపించింది.

గదిలో ఇంకో మనిషి కూడా ఉండేది. నేల ఊడ్చి, కూజాలో నీళ్ళు నింపి, తలుపు దగ్గర నిలబడే ఆయా. చిన్నతనంలో ఒక దొరసాని వంటింట్లో పని చేసిందట. అక్కడ చెవిన పడ్డ ఇంగ్లీషు ముక్కలు కొన్ని ఆవిడ దగ్గర ఉండేవి. వేడి, చల్లన, అయిపోయింది, ఇంకా లేదు, ఇలాంటివి. వ్యాకరణం అన్నది వాటి దరిదాపులకు రాలేదు. ఆవిడ డాక్టరమ్మతో ఏదైనా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది.

నా ఇంగ్లీషు అలాంటిది కాదు. అందుకని తల్లులు చెప్పింది చెప్పినట్టు దించేయడం నాకు నామోషీగా ఉండేది. వాళ్ళు ఏడుస్తూ, ముక్కు చీదుతూ, ముందుది వెనక, వెనకది ముందు చెప్పేవారు. అత్తగారి సంగతి, గేదె సంగతి, మొగుడి తాగుడు సంగతి అన్నీ కలిపేసేవారు. అందులోంచి పనికొచ్చే ముక్క ఏరి, శుభ్రం చేసి, మంచి వాక్యంలో పెట్టి అందించేవాణ్ణి. ఇంటి గుట్టు పరాయి రాష్ట్రం ఆవిడ ముందు పెట్టడం మర్యాద కాదనే పట్టింపు కూడా నాకు ఉండేది. వాళ్ళ పరువు నేను కాపాడుతున్నాను. వాళ్ళు కాపాడమని అడగలేదు, అది వేరే విషయం.

ఆవిడ ప్రశ్నలనూ అలాగే చక్కదిద్దేవాణ్ణి. "మీరూ మీ భర్తా పోట్లాడుకుంటారా?" అని అడగమంటే, "ఇంట్లో అందరూ క్షేమమేనా అమ్మా?" అని అడిగేవాణ్ణి. ఆ తల్లి, "క్షేమమేనండి" అనేది. నేను, "లేదు మేడమ్, చాలా ప్రశాంతమైన కుటుంబం" అనేవాణ్ణి. ఆవిడ రాసుకునేవారు.

ఒకసారి చిల్లకల్లు నుంచి ఒక ముసలమ్మ మనవణ్ణి తీసుకుని వచ్చి చాలాసేపు చెప్పింది. కోడలు బావిలో దూకి పోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అంతా విని నేను, "పిల్లవాడికి నీళ్ళంటే భయం మేడమ్" అన్నాను.

డాక్టరమ్మ నా వైపు చూసి, "ఆవిడ అంతసేపు మాట్లాడింది. ఇంతేనా?" అన్నారు.

"తెలుగు కొంచెం పొడుగు భాష, మేడమ్" అన్నాను.

ఆ జవాబు నాకు ఎంత నచ్చిందంటే సాయంత్రం కాంపౌండరుకు చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

ఇలా రెండేళ్ళు నడిచింది. పిల్లల్లో పెద్దగా ఎవరికీ నయమైన జాడ లేదు. ఆవిడ దిగులుగా పుస్తకాలు తిరగేసేవారు. ఈ పక్క పిల్లల జబ్బులు మొండివి కాబోలనుకుని నేనూ సానుభూతి చూపించేవాణ్ణి.

అప్పుడు వచ్చింది ఆ పాప. పదకొండేళ్ళది, ఆరో తరగతి. వాళ్ళ నాన్న అదే బడిలో తెలుగూ ఇంగ్లీషూ చెప్పే మాస్టారు. మా చర్చిలో పెద్దమనిషి. ఆదివారం పాట ఆయనే ఎత్తుకోవాలి. ఈ ఉద్యోగానికి నా గురించి మంచిమాట రాసి ఉత్తరం ఇచ్చింది కూడా ఆయనే. పాప నాలుగు నెలలుగా మాట్లాడటం లేదు. బడిలో లేదు, చర్చిలో లేదు, ఇంట్లో నాన్న ఎదట లేదు. వాళ్ళమ్మ ఒక్కదాని చెవిలో మాత్రం ఎప్పుడైనా గుసగుసలాడేది. మూగదాన్ని బడిలో ఉంచుకోలేమని హెడ్మాస్టరు అంటున్నాడట.

మాస్టారు వరండాలో కూర్చున్నారు. తల్లీ కూతురూ లోపలికి వచ్చారు. డాక్టరమ్మ పాప చెవులు, గొంతు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఎప్పటినుంచి, ఎలా మొదలైంది అని అడగమన్నారు.

ఆ తల్లి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించి చెప్పింది. "ఆయన బడిలో పిల్లలందర్నీ కొడతారండి. దీన్ని ఇంకో రెండు ఎక్కువ కొడతారు, సొంత పిల్లని వెనకేసుకొస్తన్నాడని ఎవరూ అనకూడదని. ఆవేళ పద్యం అప్పజెప్పమంటే మధ్యలో తడబడిందంట. బెంచీ ఎక్కించి, నోరు ముయ్యి, మళ్ళీ నేను చెప్పిందాకా తెరవబాకు అన్నారంట. అంతేనండి. ఆపైన తెరవలేదు. ఆయన మళ్ళీ చెప్పనూ లేదు."

వరండాలో మాస్టారి దగ్గు వినిపిస్తోంది. నేను ఆలోచించాను. ఎక్కువసేపు కాదు. అలవాటైన చెయ్యి కదా.

"ఉన్నట్టుండి మాట పోయింది మేడమ్. కారణం తెలియదంటోంది. తండ్రి చాలా మంచివాడు, క్రమశిక్షణ గల ఉపాధ్యాయుడు" అన్నాను.

డాక్టరమ్మ పాపకు కాగితం, రంగు పెన్సిళ్ళు ఇచ్చి ఏదైనా బొమ్మ వేయమన్నారు. పాప పొడుగు కాళ్ళ బెంచీ ఒకటి వేసింది. దానిమీద చిన్న బొమ్మ, బొమ్మకు నోరు లేదు. ఇదేమిటని ఆవిడ అడిగితే, "బెంచీ మేడమ్. మా వైపు ప్రతి బడిలోనూ ఉంటాయి" అన్నాను. అందులో అబద్ధం ఏముంది.

మరుసటి నెలా అంతే జరిగింది. ఆ తల్లి మళ్ళీ చెప్పింది, నేను మళ్ళీ దిద్దాను. వెళ్ళబోతూ, "ఆవిడకి మొత్తం చెప్పారాండీ?" అని నన్ను అడిగింది. "చెప్పానమ్మా" అన్నాను. డాక్టరమ్మకు ఏమీ అంతుపట్టలేదు. ఎలా అంతుపడుతుంది? పాపను మద్రాసులో పెద్దాస్పత్రిలో చేర్చి కొన్ని నెలలు అక్కడే ఉంచి చూడాలి, తల్లిదండ్రులు దగ్గర ఉండకపోతేనే మంచిది అని తేల్చారు. మాస్టారు సరేనన్నారు. ఆవిడ వచ్చేసారి కాగితాలు తయారుచేసి తెస్తానన్నారు.

ఆ వచ్చేసారి జీపు చెడిపోయి జగ్గయ్యపేట శనివారం తప్పిపోయింది. అందరినీ మూడో శనివారం నందిగామ రమ్మన్నాం. నందిగామలో మాకు గది కూడా లేదు, ఒక పాత బంగళా వరండాకు తడికె కట్టి ఇచ్చారు. తడికె అవతల జనం, ఇవతల మేం. ముందు రోజే నేనూ ఆయా బస్సులో వెళ్ళి అన్నీ సర్దిపెట్టాం.

తల్లీ కూతురూ వచ్చి కూర్చున్నారు. పాప చేతిలో చిన్న రేకు పెట్టె ఉంది. మద్రాసుకు అప్పటికప్పుడే తీసుకుపోతారనుకుని బట్టలు సర్దుకుని వచ్చిందట. డాక్టరమ్మ కాగితాలు బల్లమీద పరిచి, పెన్ను మూత తీసి, ఎందుకో ఆగారు.

"సంతకం పెట్టేముందు ఇంకొక్కసారి అడగండి. తండ్రి ఈ పాపతో ఎలా ఉంటాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి" అన్నారు.

అడిగాను. ఆ ఒక్కసారీ సరిగ్గానే అడిగాను. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా మూడోసారి చెప్పింది. చివర, "దీన్ని నాకు దూరం చేయొద్దని చెప్పండి బాబూ, నాలుగు ముక్కలన్నా నాతోనే మాట్లాడతది, అక్కడ ఎవరితో మాట్లాడుద్ది?" అంది.

నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషులో, తేలిక మాటల్లోనే చెప్పాను. "ఫాదర్ ఈజ్ గుడ్, మేడమ్. వెరీ గుడ్ ఫాదర్."

అప్పుడు బెంచీ మీంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"మా నాన్న గుడ్ అని మా అమ్మ అనలేదండి."

ఆరో తరగతిలోనే కదా ఇంగ్లీషు మొదలయ్యేది. ఫాదర్ అంటే ఏమిటో, గుడ్ అంటే ఏమిటో ఆ పాపకు నేర్పింది వాళ్ళ నాన్నే. బాగానే నేర్పారు.

అన్ని నెలల తర్వాత వాళ్ళమ్మతో కాకుండా పరాయి మనిషితో ఆ పిల్ల అన్న మొదటి మాట అది. నన్ను దిద్దడానికి నోరు తెరిచింది. తల్లి బిత్తరపోయి కూతుర్ని పట్టుకుంది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచారు.

"ఏమంది? పాప ఏమంది?"

ఆ క్షణంలో నేను నిజం చెప్పానని రాస్తే మీరు నమ్ముతారు, నా మీద కాస్త గౌరవం కూడా పెరుగుతుంది. కానీ నేను మళ్ళీ గొంతు సవరించుకున్నాను. ఏ వాక్యంలో పెడితే ఎవరికీ దెబ్బ తగలకుండా ఉంటుందా అని వెతుకుతున్నాను. ఎవరికీ అంటే ముఖ్యంగా నాకు.

అంతవరకు ఎవరూ ఏమీ అడగని ఆయా తడికె దగ్గర్నుంచి చెప్పింది. ఆవిడ ఇంగ్లీషు తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది. "అమ్మ చెప్పలే, నాన్న మంచి. గుమస్తా చెప్పె."

డాక్టరమ్మ నా వైపు చూడలేదు. ఆయాను దగ్గరకు పిలిచి నా పక్కన నిలబెట్టారు. ఆ తల్లి నాలుగోసారి చెప్పింది. ఆయా తలాడిస్తూ అంతా విని, ఉన్న ముక్కలతోనే చెప్పింది. "బడి. నాన్న కొట్టె, ఎక్కువ. బెంచీ మీద పెట్టె. నోరు మూయి, నేను చెప్పె, అప్పుడు తెరువు. నాన్న మళ్ళీ చెప్పలే. మర్చిపోయె. పాప మర్చిపోలే."

ఒక్క క్రియ కూడా కుదురుగా లేదు. అర్థం కానిదీ ఏదీ లేదు.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, కాగితాలు మడిచి సంచిలో వేసుకున్నారు. "తండ్రిని పిలవండి" అని మాత్రం అన్నారు. అది నాతోనే. పిలవడానికి నేను పనికొస్తాను.

బయట మాస్టారు చేతిగుడ్డతో మెడ తుడుచుకుంటున్నారు. "సంతకం పెట్టాలా?" అన్నారు.

"కాదు మాస్టారూ. లోపలికి రమ్మంటున్నారు."

"ఏమంటారు? నువ్వు చెప్పావుగా అన్నీ?"

"నేను చెప్పినవి చాల్లేదండి" అన్నాను.

ఆయన వచ్చి నిలబడ్డారు. డాక్టరమ్మ మాటకు ఆయనకు దుబాసీ అక్కర్లేదు, అయినా ఆయాయే చెప్పింది. తెలుగులో ఆయా మాట చక్కగానే ఉండేది. "అయ్యగారూ, నోరు ముయ్యమని మీరే అన్నారంట. తెరవమని మీరే చెప్పాలంట."

"నేనా? నేనెప్పుడన్నా?" అన్నారు మాస్టారు. నిజంగానే గుర్తు లేదు ఆయనకు. చేతిగుడ్డ జేబులో పెట్టుకుంటూ, "బడిలో రోజుకి నలుగురితో అంటా ఆ మాట. ఇంకెవరూ లెక్కచేయలేదే" అన్నారు.

ఆ మాట అనేశాక అది ఆయనకే వినిపించినట్టుంది. పాప వైపు చూశారు. పాప రేకు పెట్టె గడియ వైపు చూస్తోంది. ఆయన వెళ్ళి బెంచీ చివర కూర్చున్నారు. ఆయన కూర్చుని మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"మర్చిపోయానమ్మా. చెప్తానన్నా, మర్చిపోయా. మాట్లాడు" అన్నారు.

పాప మాట్లాడలేదు. మీరు ఆశించినట్టు నాన్నా అని మెడ వాటేసుకోనూ లేదు. డాక్టరమ్మ, "ఇవాళ్టికి చాలు, బలవంతం చేయకండి. నెలకు రెండుసార్లూ ముగ్గురూ కలిసి రండి" అని పంపేశారు. రేకు పెట్టె మాస్టారు పట్టుకున్నారు.

వాళ్ళు వచ్చారు. ప్రతిసారీ ముగ్గురూ. ఎండైనా వానైనా, మాస్టారు సెలవు పెట్టుకుని మరీ వచ్చారు. పాప మొదట ఆయాతో బస్సులో కిటికీ పక్క సీటు దొరకలేదని చెప్పింది. కొన్నాళ్ళకు డాక్టరమ్మకు తెలుగు అంకెలు నేర్పింది. చలికాలం పోయేసరికి నాన్నతో, తలుపు తీయండి అనో, గొడుగు ఇవ్వండి అనో, అవసరమైనంత మట్టుకు అనడం మొదలుపెట్టింది. మాస్టారు మారిపోయారని చెప్పను. బెత్తం మానలేదు. ఆరో తరగతిని ఇంకొకరికి ఇచ్చేసి ఎనిమిదికి మారారు. ఎనిమిదో తరగతి పిల్లల తల్లులెవరూ మా దగ్గరికి రాలేదు కాబట్టి ఆ సంగతి నాకు తెలియదు. మరుసటేడు ఆ పాప తరగతిలో ఒకటే వాగుతోందని హెడ్మాస్టరు ఫిర్యాదు చేశాడట.

ఇక నా సంగతి. ఆ శనివారం సాయంత్రం డాక్టరమ్మ జీపెక్కి నేరుగా బెజవాడ వెళ్ళిపోయారు. తిడితే బాగుండేది. నేను నాలుగు సంజాయిషీలు తయారుచేసుకున్నాను, నాలుగూ వృథా అయ్యాయి. సోమవారం ఆవిడ పనిగట్టుకుని జగ్గయ్యపేట వచ్చి, రెండేళ్ళ కేసు కాగితాలన్నీ బల్లమీద వేయించారు. ఆవిడ రాసుకున్నవన్నీ చక్కగా తిరగరాసి పెట్టేది నేనే కాబట్టి అన్నీ నా దస్తూరీయే. కడుపునొప్పి. భయం. ప్రశాంతమైన కుటుంబం. మళ్ళీ ప్రశాంతమైన కుటుంబం. ఈ రెండు తాలూకాల్లో అంత ప్రశాంతత ఉందని నాకే తెలియదు.

"వీళ్ళందరికీ ఉత్తరాలు రాయండి. మళ్ళీ రమ్మని. మొదటినుంచి మొదలుపెడదాం" అన్నారు.

రాశాను. అంత ముత్యాల్లాంటి దస్తూరితో నేను రాసిన పనికొచ్చే మొదటి రాతలు ఆ పోస్టుకార్డులే కావచ్చు. కొందరు వచ్చారు. కొందరు, ఇప్పుడు బాగానే ఉందని కబురు పంపారు. చిల్లకల్లు ముసలమ్మకు రాసిన కార్డు తిరిగి వచ్చేసింది. నేనే వెళ్ళి వాకబు చేశాను. ఆవిడ పోయింది, మనవణ్ణి ఎవరో బంధువులు తీసుకెళ్ళారు, కోదాడ అవతల ఏదో ఊరన్నారు. ఊరి పేరు ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ పిల్లవాడు బావిలో ఏం చూశాడో, చూసింది ఎవరితోనైనా చెప్పుకున్నాడో లేదో నేను చెప్పలేను. చెప్పడానికి వచ్చినప్పుడు వినాల్సిన కుర్చీలో ఉన్నది నేనే. ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా నవ్వుగా రాయడం నాకు చేతకాలేదు.

నా కుర్చీ ఆయాకు ఇచ్చారు. ఆవిడ మొదట కూర్చోనంది, నేల మీదే బాగుంటుందంది. డాక్టరమ్మ కూర్చోబెట్టారు. నన్ను వరండాలో టోకెన్లు ఇవ్వడానికి వేశారు. ఇది అన్యాయమని కాంపౌండరు దగ్గర చాలాసార్లు వాదించాను. ఇంగ్లీషు రాని మనిషి దుబాసీ ఏమిటి, పై వాళ్ళకు తెలిస్తే ఎంత అప్రతిష్ఠ అన్నాను. ఆ మాటలు అంటూ ఉండగానే పిల్లలకు నయం కావడం మొదలైంది. అది నన్ను మరీ చిరాకు పెట్టింది.

ఒక శనివారం టోకెన్లు ఇస్తున్నాను. తల ఎత్తితే ఎదట మా ఆవిడ నిలబడి ఉంది. పక్కన మా రెండో అమ్మాయి.

"ఇక్కడికెందుకొచ్చావు?" అన్నాను.

"టోకెను మీ దగ్గర తీసుకోవాలన్నారు."

"దేనికి? ఏమైంది?"

"లోపల చెప్తా" అంది.

వెనక జనం ఉన్నారు. ఇచ్చాను. వాళ్ళ వంతు వచ్చినప్పుడు లోపలికి వెళ్ళారు. తలుపు వేశారు. మా ఆవిడ గొంతు చాలాసేపు వినిపించింది. ఇంట్లో నాతో అంతసేపు మాట్లాడగా నేను ఎరగను. ఏం చెబుతోందో తెలియలేదు. చెవి పెట్టాను కూడా. మధ్యలో ఆయా గొంతు, తర్వాత డాక్టరమ్మది, మళ్ళీ మా ఆవిడది.

కాసేపటికి ఆయా తలుపు తీసింది. "అయ్యగారూ, మిమ్మల్ని రమ్మంటన్నారు" అంది.

లోపల బెంచీ మీద వాళ్ళిద్దరి పక్కన చోటు ఉంది. కూర్చున్నాను. మా అమ్మాయి వాళ్ళమ్మ వైపుకు జరిగింది. డాక్టరమ్మ నెమ్మదిగా, స్పష్టంగా ఇంగ్లీషులో నన్ను ఒక ప్రశ్న అడిగారు. మీ పాపను ఏదైనా అడిగి, జవాబు కోసం ఆఖరుసారి ఎప్పుడు ఆగారు? ప్రతి మాటా నాకు అర్థమైంది. అయినా ఆయా దాన్ని తెలుగులో చెప్పేదాకా ఆగాను. అప్పటికైనా ఏదైనా తోస్తుందేమోనని.

తోచలేదు. తెలియదని చెప్పమని ఆయాతో అన్నాను. ఆవిడ చెప్పింది.

మరుసటి నెల మొదటి శనివారం వరండాలో టోకెన్లు కాంపౌండరు చేత ఇప్పించారు. మేం ముగ్గురం వెళ్ళి నిలబడ్డాం. వాడు నన్ను చూసి ఏదో పరాచికం ఆడబోయి, మా అమ్మాయిని చూసి మానుకున్నాడు. పదమూడో నంబరు ఇచ్చి, "కాసేపు కూర్చోండి, పిలుస్తారు" అన్నాడు.

వెళ్ళి జనంలో కూర్చున్నాను.